ఫ్రీ సాఫ్ట్‌వేర్: కంప్యూటర్ స్లో అయిందని ఫ్రీ క్లీనర్లు వేస్తున్నారా? ఇన్‌స్టాల్ కొట్టే ముందు ఇవి చూసుకోండి

ఇంట్లో కంప్యూటర్ స్లో అయితే చాలామంది ముందు చేసే పని.. గూగుల్‌లో వెతికి ఏదో ఒక ఫ్రీ క్లీనర్ వేసుకోవడం. పశ్చిమ గోదావరి జిల్లా అత్తిలి లాంటి ఊళ్లలో సీపీయూను బండి మీద పెట్టుకుని తణుకో, తాడేపల్లిగూడెమో తీసుకెళ్లే కంటే ఇదే సులువు అనిపిస్తుంది. కానీ అదే కంప్యూటర్‌లో పిల్లల సర్టిఫికెట్లు, పొలం కాగితాల స్కాన్ కాపీలు, బ్యాంకు పాస్‌వర్డ్‌లు ఉంటాయి. మరి ఏ ఫ్రీ సాఫ్ట్‌వేర్‌ను నమ్మాలి? ఎలా తేల్చుకోవాలి?

విండోస్‌లోనే ఉందేమో చూడండి

అనవసర ఫైళ్లు తీసేయడానికి సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో స్టోరేజ్ ఆప్షన్ సరిపోతుంది. ఆన్ చేయగానే తెరుచుకునే ప్రోగ్రామ్‌లను టాస్క్ మేనేజర్‌లోని స్టార్టప్ ట్యాబ్‌లో ఆపేయొచ్చు. విండోస్ 10, 11లో డిఫెండర్ యాంటీవైరస్ ముందే ఉంటుంది. ఇక రిజిస్ట్రీ క్లీనర్ల జోలికి వెళ్లకపోవడమే మేలు. వాటి వాడకాన్ని తాము సపోర్ట్ చేయబోమని మైక్రోసాఫ్టే చెబుతోంది.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఆ సెక్యూరిటీ అప్‌డేట్ల లోటును ఏ క్లీనరూ పూడ్చలేదు.

ఫ్రీగా ఇస్తే వాళ్లకు డబ్బు ఎలా వస్తోంది?

7-జిప్, వీఎల్‌సీ, లిబ్రేఆఫీస్ లాంటివి ఓపెన్ సోర్స్. కోడ్ ఎవరైనా చూడొచ్చు. మిగతా వాటిలో కొన్ని యాడ్స్ మీద, కొన్ని పెయిడ్ వెర్షన్ మీద నడుస్తాయి. మన డేటానే సరుకుగా మారే ప్రమాదం కూడా ఉంది. యూజర్ల బ్రౌజింగ్ వివరాలు అమ్మిందన్న ఆరోపణలపై యాంటీవైరస్ కంపెనీ అవాస్ట్ 1.65 కోట్ల డాలర్లు చెల్లించాలని 2024లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆదేశించింది.

ఎర్ర అక్షరాలతో భయపెడుతోందా?

స్కాన్ చేసి 'వందల తప్పులున్నాయి, బాగు చేయాలంటే డబ్బు కట్టండి' అంటే వెంటనే అనుమానించాలి. సమస్య లేకపోయినా ఉన్నట్టు చూపించి రిపేర్లు అమ్మారన్న కేసులో ఆఫీస్ డిపో, సపోర్ట్ డాట్ కామ్ సంస్థలు కలిసి 3.5 కోట్ల డాలర్లు చెల్లించేందుకు 2019లో ఒప్పుకున్నాయి.

పేరున్నదైనా జాగ్రత్తే

సీక్లీనర్ ఎంతో పాపులర్. అయినా 2017 ఆగస్టులో వచ్చిన 5.33 వెర్షన్‌లోకి హ్యాకర్లు మాల్‌వేర్ చొప్పించారు. అది కంపెనీ సొంత సర్వర్ నుంచే డౌన్‌లోడ్ అయింది. దాదాపు 22.7 లక్షల కంప్యూటర్లలోకి చేరిందని కంపెనీయే ప్రకటించింది. అందుకే అవసరం లేనివి వేయకపోవడం, వేసినవి అప్‌డేట్ చేసుకోవడం ముఖ్యం.

ప్రభుత్వ టూల్స్ కూడా ఉన్నాయి

జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించుకొచ్చిన పెన్‌డ్రైవ్‌తో వైరస్ ఇంటికి రావడం మామూలే. కంప్యూటర్‌కు పెట్టే పెన్‌డ్రైవ్‌లను అదుపులో ఉంచే 'యూఎస్‌బీ ప్రతిరోధ్'ను హైదరాబాద్ సీడాక్ తయారు చేసింది. 2017లో కేంద్రం మొదలుపెట్టిన 'సైబర్ స్వచ్ఛతా కేంద్ర' వెబ్‌సైట్ ద్వారా వైరస్ తొలగించే ఉచిత టూల్స్ కూడా ఇస్తున్నారు.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు..

• ముందు ముఖ్యమైన ఫైళ్లను వేరే డ్రైవ్‌లో కాపీ చేసుకోండి.
• గూగుల్‌లో పైన కనిపించే యాడ్ లింక్ కాకుండా, తయారీదారు అసలు సైట్ నుంచే దించుకోండి. 7-జిప్ అసలు అడ్రస్ మధ్యలో గీత ఉండి, డాట్ ఆర్గ్‌తో ముగుస్తుంది.
• అనుమానం ఉంటే ఫైల్‌ను వైరస్‌టోటల్ సైట్‌లో అప్‌లోడ్ చేయండి. పదుల సంఖ్యలో యాంటీవైరస్‌లతో ఒకేసారి చెక్ చేస్తుంది. సొంత కాగితాలు మాత్రం అందులో పెట్టొద్దు.
• 'నెక్స్ట్, నెక్స్ట్' కొట్టుకుంటూ పోకుండా కస్టమ్ ఆప్షన్ ఎంచుకుని, వెంట వచ్చే అదనపు ప్రోగ్రామ్‌ల టిక్ తీసేయండి.
• క్రాక్ చేసిన పెయిడ్ సాఫ్ట్‌వేర్ ఫ్రీగా దొరికినా వద్దు.

ఇవన్నీ చేసినా స్లోగానే ఉంటే లోపం హార్డ్‌డిస్క్‌లో ఉండొచ్చు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత టూల్ డిస్క్ ఆరోగ్యం చూపిస్తుంది. అందులో 'కాషన్' లేదా 'బ్యాడ్' అని వస్తే క్లీనర్లు వెతకడం మానేసి ముందు ఫైళ్లు కాపాడుకోవాలి. ఒకవేళ ఖాతాలో డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.