పిల్లర్లు తీసిన చోటు

బాయిలో బొగ్గు తవ్వేటప్పుడు పైకప్పు నిలబడాలని మధ్యమధ్య బొగ్గునే పిల్లర్లుగా వదులుతారు. చివర్లో ఆ పిల్లర్లనూ తీసుకుంటూ వెనక్కి వస్తారు. కప్పు కూలుతుంది. కూలిన జాగాను గోఫ్ అంటారు, అందులో ఇక ఎవరూ అడుగుపెట్టరు. మా బొగ్గుబాయిల ఊరు సెంటినరీ కాలనీలో ఇది అందరికీ తెలిసిన ముచ్చటే. హైదరాబాద్ ఫుట్‌బాల్ మాట వచ్చినప్పుడల్లా నా కళ్లముందు మెదిలేది ఆ గోఫే.

ఆ ఫుట్‌బాల్‌ను నిలబెట్టిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ బడిపంతులు. పిల్లలతో బలంలేని కాలితో మాత్రమే ఆడే పోటీలు పెట్టించేవాడు. కుడికాలి వాటం వాడు ఎడమకాలితోనే తన్నాలి. బంతిని ఒక్కడే తిప్పుకుంటూ పోకూడదనే షరతుతోనూ పోటీలు నడిపించాడు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. 1950లోనే డ్యూరాండ్ కప్ ఫైనల్‌లో మోహన్ బగాన్‌ను ఓడించింది.

1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో ఆయన కోచ్‌గా ఉన్న భారత జట్టును యుగోస్లావియా 10-1తో చిత్తు చేసింది. మనవాళ్లలో కొందరి కాళ్లకు బూట్లే లేవు. నాలుగేళ్ల తర్వాత మెల్‌బోర్న్ ఒలింపిక్స్ సెమీఫైనల్‌లో మళ్లీ అదే యుగోస్లావియా. ఈసారి మొదటి గోల్ మనది! చివరికి 4-1తో ఓడినా, రహీమ్ పనితనం నాకు కప్పుల్లో కంటే ఆ ఓటమిలోనే ఎక్కువ కనిపిస్తుంది.

ఆ యుగోస్లావియా బృందంలో బోస్నియాలోని మోస్తార్‌ నుంచి వచ్చిన ముహమెద్ ముయిచ్ ఉన్నాడు. అతని క్లబ్బు వెలెజ్. 1990ల యుద్ధంలో ఊరు రెండుగా చీలి, ఆ క్లబ్బు సొంత స్టేడియం పోగొట్టుకుంది. అయినా ఊరి అంచున మరో మైదానంలో ఆడుతూ 2022లో బోస్నియా కప్ గెలిచింది. మన దగ్గర ఏ యుద్ధమూ జరగలేదు.

1962 సెప్టెంబర్ 4న జకార్తాలో భారత జట్టు దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చేనాటికే రహీమ్‌ను క్యాన్సర్ తినేస్తోంది. 1963 జూన్ 11న పోయాడు. మొదటి పిల్లర్ అదే.

సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్ అదే ఏడాది ఊపిరితిత్తుల జబ్బుతో ఆట మానేశాడు. రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద గోల్ కొట్టినవాడు! ఆయనకు పద్మశ్రీ కూడా ఇవ్వలేదు. ఇక్కడి ఆటగాళ్లే అయిన నయీముద్దీన్, హబీబ్, అక్బర్ కలకత్తా క్లబ్బుల్లో మెరిశారు. వాళ్లను తప్పుపట్టలేం. పని దొరికే చోటికి పోకుంటే పొయ్యి వెలగదని బాయి పని మీద బతికే ఊళ్లకు ఒకరు చెప్పాలా? తప్పు ఇక్కడ మిగిలినవాళ్లది. పోయిన పిల్లర్ల చోట దిమ్మె కూడా నిలబెట్టలేదు. రాష్ట్రాల జట్లు పోటీపడే సంతోష్ ట్రోఫీ 1965-66లో ఆంధ్రప్రదేశ్ గెలిచాక మళ్లీ మన గడప తొక్కలేదు. బలరామ్, హబీబ్ ఇద్దరూ 2023లోనే కన్నుమూశారు, ఒకరు కోల్‌కతాలో, ఒకరు హైదరాబాద్‌లో.

మధ్యలో ఒక ఆశ పుట్టింది. 2019లో వచ్చిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) గెలిచింది. రెండేళ్లు తిరిగేసరికి జీతాల గొడవలు, ఆటగాళ్ల వలస, పట్టికలో అట్టడుగు స్థానం. 2025లో ఆ జట్టు పేరు మార్చుకుని ఢిల్లీకి వెళ్లిపోయింది.

అంతకుముందు, 2024 డిసెంబర్ 31 రాత్రి, సంతోష్ ట్రోఫీ ఫైనల్ మన గచ్చిబౌలిలోనే జరిగింది. ఆడింది బెంగాల్, కేరళ.