గుండె మార్పిడి: ఢిల్లీ నుండి తిరుపతి దాకా

మన నాయుడుపేటలో ఎవరికైనా గుండెజబ్బు అని తేలితే, ఇంట్లోవాళ్ళ నోట మొదట వచ్చే మాట "ఎంతవుతుందంట?" అనే. నెల్లూరు బస్సో, మద్రాసు రైలో ఎక్కడం మన పెద్దలకు అలవాటైన దారి. ఆ దారి ఎలా దగ్గరైందో ఈ సంచికలో నాలుగు మాటలు చెప్పుకోదలచాము.

1967 డిసెంబరు 3న దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో డాక్టర్ క్రిస్టియన్ బర్నార్డ్ ఒక మనిషి గుండెను మరో మనిషికి మొదటిసారి అమర్చారు. 1968లో బొంబాయిలో డాక్టర్ పి.కె.సేన్ ప్రయత్నించారు గాని రోగి దక్కలేదు. ఆ తరువాత పాతికేళ్ళకు పైగా మన దేశంలో విజయం చేతికి రాలేదు. పరాయి అవయవాన్ని శరీరం తిప్పికొడుతుంది. దాన్ని అదుపుచేసే సైక్లోస్పోరిన్ మందు 1980 ప్రాంతంలో గాని వాడుకలోకి రాలేదు. పైగా మెదడు చచ్చిపోయి, గుండె మాత్రం యంత్రం ఆసరాతో కొట్టుకుంటున్న వ్యక్తిని మృతుడిగా ఒప్పుకునే చట్టం మనకు లేదు.

1994 జూలైలో ఆ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం లభించింది. నెల తిరక్కుండానే, ఆగస్టు 3న, ఢిల్లీ అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టర్ పనంగిపల్లి వేణుగోపాల్ బృందం దేశంలో మొదటి విజయవంతమైన గుండె మార్పిడి చేసింది. ఆయన మన తెలుగువారే. 1942లో రాజమండ్రిలో పుట్టారు. 1959లో ఆ సంస్థలోనే విద్యార్థిగా చేరి, చివరికి దాని డైరెక్టరయ్యారు. అంత పేరొచ్చాక కూడా ఏళ్ళ తరబడి ప్రభుత్వ ఆసుపత్రిలోనే పనిచేయడం మాకు ఆయనలో గొప్పగా తోస్తుంది. 2024లో కన్నుమూశారు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదటి గుండె మార్పిడి 2004లో డాక్టర్ ఆళ్ళ గోపాలకృష్ణ గోఖలే చేశారు. 2016లో ఆయన బృందమే గుంటూరు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలోనూ ఆ పని చేసి చూపించింది. 2021లో తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం వారు చిన్నపిల్లల హృదయాలయం తెరిచారు. 2023 జనవరిలో అక్కడ ఒక పేద బాలుడికి కొత్త గుండె అమర్చారు. మద్రాసు దాకా పోనక్కరలేదు, మన పక్కూరే!

అయితే ఆపరేషన్‌తో కథ అయిపోదు. మందులు జీవితాంతం మింగాలి. తీసిన గుండెను సుమారు నాలుగు గంటల్లో అమర్చాలి. అన్నిటికన్నా ముందు, పుట్టెడు దుఃఖంలో ఉన్న ఒక కుటుంబం "సరే" అనాలి.

మనలో చాలామందికి ఇక్కడే సంకోచం. 1988లో జిద్దాలోని అంతర్జాతీయ ఇస్లామీయ ఫిఖ్ అకాడమీ కొన్ని షరతులతో అవయవ మార్పిడిని అనుమతించింది. అవయవాల అమ్మకం మాత్రం కూడదంది. ఉలమాలందరిదీ ఒకే మాట కాదు, నిజమే. అందుకే ఆపద రాకముందే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి, తెలిసిన పెద్దలను అడగండి. వైద్యుడి చెయ్యి తిరుపతి దాకా వచ్చింది. ఇక మిగిలిన దూరం మన ఇళ్ళలోనే ఉంది.