మహానగరం, శివారు పేదరికం: పారిస్ అనుభవం

పారిశ్రామిక విప్లవం తర్వాత ఐరోపా నగరాలు ఎలా విస్తరించాయో గత యూనిట్‌లో చదివారు. ఆ నగరాల అంచుల్లో స్థిరపడిన వారి జీవితం ఎలా సాగిందో ఈ యూనిట్‌లో తెలుసుకుంటారు. ఇందుకు పారిస్‌ను ఉదాహరణగా తీసుకుంటున్నాం.

పారిస్ అనగానే మనకు ఈఫిల్ టవర్, విశాలమైన వీధులు గుర్తుకు వస్తాయి. ఆ నగరం మధ్య నుంచి తూర్పుగా సుమారు 15 కిలోమీటర్ల దూరంలో క్లిషీ-సూ-బ్వా అనే పట్టణం ఉంది. 2005 అక్టోబరు 27న అక్కడ పోలీసులకు భయపడి విద్యుత్ సబ్‌స్టేషన్‌లో దాక్కున్న ఇద్దరు బాలురు విద్యుదాఘాతంతో మరణించారు. ఒకరి వయసు 17, మరొకరి వయసు 15. ఆ తర్వాత మూడు వారాల పాటు ఫ్రాన్స్‌లోని అనేక పట్టణాల శివార్లలో అల్లర్లు జరిగాయి, వేల వాహనాలు తగలబడ్డాయి. నవంబరు 8న ప్రభుత్వం అత్యవసర పరిస్థితిని ప్రకటించింది. అందుకు ఉపయోగించిన చట్టం అల్జీరియా యుద్ధ కాలంలో, 1955లో చేసినది.

వాహనాలు ఎవరు తగలబెట్టారన్నది పోలీసులు తేల్చవలసిన ప్రశ్న. చరిత్ర విద్యార్థిగా మీరు వేసుకోవలసిన ప్రశ్న వేరు. ప్రపంచంలోని సంపన్న నగరాల్లో ఒకటైన పారిస్‌కు పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరు అంత దూరమైన ఊరుగా ఎలా మారింది?

గోడ, జోన్, వలయ రహదారి

శివారును ఫ్రెంచి వారు ‘బాన్‌ల్యూ’ అంటారు. నగరపాలకుల ఆజ్ఞ చెల్లే చుట్టుపక్కల ఒక ‘ల్యూ’ (ఒక పాతకాలపు దూరమానం) మేర ప్రాంతం అని దీని అర్థం. మన భాషలో ఊరి పొలిమేరకు ‘శివారు’ అనే మాట ఉంది కదా, దాదాపు అలాంటిదే. బహిష్కృతుల చోటు అని కొందరు చెప్పే అర్థం సరైనది కాదు. అయితే తరువాతి చరిత్ర చూస్తే ఆ పొరపాటు అర్థం ఎందుకు ప్రచారంలోకి వచ్చిందో గ్రహించడం కష్టం కాదు.

1840లలో పారిస్ చుట్టూ రక్షణ కోసం పెద్ద గోడ కట్టారు. శత్రువు కనబడాలి కాబట్టి గోడ బయట 250 మీటర్ల మేర కట్టడాలను నిషేధించారు. దీనినే ‘జోన్’ అన్నారు. 1853 నుంచి నగర పాలనాధికారి హౌస్‌మన్ పాత వాడలను కూల్చి విశాలమైన రహదారులు వేయించాడు. నగరంలో అద్దెలు పెరిగాయి. అద్దె కట్టలేనివారు అంచులకు జరిగారు. కట్టడాలు నిషిద్ధమైన జోన్‌లోనే రేకులతో, చెక్కలతో గుడిసెలు వెలిశాయి. పాత గుడ్డలు, చెత్త ఏరి అమ్ముకునేవారు అక్కడ నివసించారు. 1860లో గోడ లోపలి గ్రామాలను కలుపుకొని పారిస్ 20 వార్డుల నగరమయింది. ఆ సరిహద్దు నేటికీ పెద్దగా మారలేదు. 1919 నుంచి గోడను కూల్చివేశారు. జోన్ ఉన్న చోట సుమారు 35 కిలోమీటర్ల వలయ రహదారి వేసి, 1973లో పూర్తి చేశారు. గోడ పోయినా గీత మిగిలింది.

దీని ప్రాముఖ్యం అర్థం కావాలంటే హైదరాబాదును గుర్తు చేసుకోండి. 2007లో చుట్టుపక్కల 12 పురపాలక సంఘాలను, 8 గ్రామ పంచాయతీలను కలిపి గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థను ఏర్పాటు చేశారు. విలీనం జరిగినంత మాత్రాన ప్రతి బస్తీకీ మంచినీళ్ళు, మురుగుకాలువలు వచ్చాయని కాదు. కాని పన్నుల ఖజానా ఒకటయింది. పారిస్‌లో అది జరగలేదు. శివారు పట్టణాలు దేనికవే విడి పురపాలక సంఘాలు. కర్మాగారాలు, కార్యాలయాలు ఉన్న పట్టణానికి పన్ను వస్తుంది. పేదలు మాత్రమే ఉన్న పట్టణానికి ఖర్చు మిగులుతుంది.

ఎత్తైన ఇళ్ళ కాలం

రెండవ ప్రపంచ యుద్ధం తర్వాత ఇళ్ళ కొరత తీవ్రమైంది. 1954 ఫిబ్రవరి 1న అబ్బే పియెర్ అనే మతగురువు రేడియోలో చేసిన విజ్ఞప్తి దేశాన్ని కదిలించింది. చలికి వీధుల్లో మనుషులు చనిపోతున్న రోజులవి. పశ్చిమాన నాంతేర్‌లో అల్జీరియా నుంచి వచ్చిన కార్మికులు బురదలో, మురికివాడల్లో నివసించేవారు. పారిస్ నిర్మాణాల్లో, కర్మాగారాల్లో పనిచేసింది వీరే.

ప్రభుత్వం శివార్లలో భారీ నివాస సముదాయాలు కట్టించింది. ముందుగా పోతపోసిన కాంక్రీటు పలకలను పట్టాల మీద నడిచే క్రేన్లతో నిలబెట్టేవారు. క్రేను ఎంత దూరం నడిస్తే భవనం అంత పొడవు. లా కూర్నెవ్‌లో ఒక్క చోటే సుమారు 4,000 ఇళ్ళు కట్టారు. ఆ కాలనీకి పేరు కూడా అదే.

ఇక్కడ మీరు తొందరపడి తీర్పు చెప్పకూడదు. ఆనాడు చాలా ఫ్రెంచి ఇళ్ళలో స్నానాల గది ఉండేది కాదు. కొత్త ఇంట్లో వేడినీళ్ళు, గదులను వెచ్చగా ఉంచే ఏర్పాటు, పిల్లలకు వేరే గది ఉన్నాయి. మొదటి తరం వారు వీటిలోకి సంతోషంగానే వచ్చారు.

క్షీణత 1970లలో మొదలయింది. 1973లో ప్రభుత్వమే ఇలాంటి భారీ సముదాయాల నిర్మాణాన్ని ఆపేసింది. 1977లో గృహరుణాల విధానం మారడంతో కాస్త స్తోమత ఉన్న కుటుంబాలు విడి ఇళ్ళు కొనుక్కొని వెళ్ళిపోయాయి. అదే దశాబ్దంలో చమురు సంక్షోభం వచ్చింది, ఉత్తర శివార్లలోని కర్మాగారాలు ఒకటొకటిగా మూతపడసాగాయి. ఖాళీ అయిన ఇళ్ళలోకి మురికివాడల నుంచి, ఉత్తర ఆఫ్రికా నుంచి వచ్చిన కుటుంబాలు చేరాయి. పని కోసం వచ్చినవారికి ఇల్లు దొరికే సమయానికి పని పోయింది.

క్లిషీ-సూ-బ్వాలో ఏం జరిగింది?

ఈ పట్టణం కథ మిగతా వాటికంటే భిన్నమైనది, అందుకే కొంత వివరంగా చూద్దాం. శివారు పేదలందరూ ప్రభుత్వ గృహాల్లో ఉంటారని చాలామంది అనుకుంటారు. క్లిషీలోని ‘షెన్ ప్వాంత్యూ’, పక్కనే మోంఫెర్మే పట్టణంలోని ‘బోస్కే’ ప్రభుత్వ గృహాలు కావు. 1960లలో వాస్తుశిల్పి బెర్నార్ జెర్‌ఫ్యూస్ రూపకల్పనలో కట్టి మధ్యతరగతికి అమ్మిన అపార్ట్‌మెంట్లు. పక్కనుంచి ఎ-87 అనే రహదారి వస్తుందన్న అంచనాతో వీటిని నిర్మించారు. ఆ రహదారి అక్కడికి రాలేదు. క్లిషీలో రైల్వే స్టేషను కూడా లేదు. పారిస్‌కు పోవాలంటే బస్సులో పక్క ఊరి స్టేషనుకు వెళ్ళి రైలు పట్టుకోవలసి వచ్చేది.

అపార్ట్‌మెంటులో నివసించేవారికి తర్వాతి కథ సులభంగా అర్థమవుతుంది. మొదట కొన్న యజమానులు వెళ్ళిపోయారు. ఇళ్ళు చవకగా చేతులు మారాయి. కొందరు పేద కుటుంబాలే అప్పు చేసి కొనుక్కున్నారు; నెలవారీ మెయింటెనెన్స్ కట్టే శక్తి వారికి లేకపోయింది. మరికొన్ని ఇళ్ళు గదుల లెక్కన అద్దెకిచ్చే వారి చేతిలో పడ్డాయి. ఫ్రెంచి వారు వీరిని ‘నిద్ర వ్యాపారులు’ అంటారు. అద్దె వసూలు చేస్తారు, మెయింటెనెన్స్ కట్టరు. బకాయిలు పెరిగాయి. లిఫ్టు ఆగిపోతే బాగు చేయించే డబ్బు సంఘం దగ్గర ఉండదు. పదో అంతస్తులో ఉండే వృద్ధురాలికి లిఫ్టు లేకపోతే ఊరే లేనట్టు. అది ప్రైవేటు ఆస్తి కాబట్టి బాగుచేసే బాధ్యత తమది కాదని ప్రభుత్వ సంస్థలు చాలాకాలం భావించాయి. 1995 నుంచి 2011 వరకు పట్టణ మేయరుగా ఉన్న క్లోద్ దిలేన్ అనే పిల్లల వైద్యుడు ఈ సంగతిని పదేపదే ప్రభుత్వం దృష్టికి తెచ్చాడు.

ఇక్కడ చదవడం ఆపి ఆలోచించండి. మీకు తెలిసిన పట్టణంలో ఊరికి దూరంగా కట్టిన కాలనీ ఏదైనా ఉందా? అక్కడికి బస్సు ఎన్ని గంటలకు ఒకటి వస్తుంది? పనికి వెళ్ళి రావడానికి రోజుకు ఎంత ఖర్చవుతుంది? మీ జవాబును నోటుపుస్తకంలో రాసుకుని ముందుకు వెళ్ళండి.

రెండు వివరణలు, వాటి పరిమితులు

పరీక్షల్లో విద్యార్థులు తరచుగా రెండు కారణాలు రాస్తారు. ఒకటి, ఎత్తైన కాంక్రీటు భవనాలే మనుషులను పాడుచేశాయని. అదే నిజమైతే పారిస్ 13వ వార్డులో 1970లలో కట్టిన ఒలింపియాడ్ టవర్లు కూడా శిథిలమై ఉండాలి. అవి నేటికీ నిలిచి ఉన్నాయి, వాటి చుట్టూ ఆసియా వలసదారుల దుకాణాలతో వ్యాపారం సాగుతోంది. ఆ టవర్లు నగరం లోపల, మెట్రోకు అందుబాటులో ఉన్నాయి. రెండు, వలసదారుల రాకే కారణమని. కాని వలసదారులు వచ్చేనాటికే కర్మాగారాలు మూతపడసాగాయి, ఉండగలిగినవారు వెళ్ళిపోవడం మొదలయింది. క్షీణించిన ఇళ్ళు వారికి దక్కాయే గాని, క్షీణతను వారు వెంట తీసుకురాలేదు. పోలీసు తనిఖీలు, ఉద్యోగాల్లో పేరునుబట్టి చూపే వివక్ష ఆ పేదరికానికి తోడయ్యాయి. 2005 నాటి కోపాన్ని ఈ రెండూ లేకుండా వివరించలేం.

కూల్చివేతలను కూడా ఇదే దృష్టితో పరిశీలించాలి. లా కూర్నెవ్‌లో 1986లోనే ఒక పొడవాటి భవనాన్ని పేల్చి కూల్చారు. 2003 చట్టంతో దేశవ్యాప్తంగా కూల్చి కొత్తగా కట్టే పథకం వచ్చింది. బోస్కేలో పాత భవనాల స్థానంలో తక్కువ ఎత్తు ఇళ్ళు కట్టారు, అవి నిస్సందేహంగా మెరుగైనవి. అయితే సమీపంలోని ఓల్నేలో 1973లో ప్రారంభమైన సిట్రోయెన్ కార్ల కర్మాగారంలో 2013లో ఉత్పత్తి ఆగిపోయింది. కొత్త గోడలకు రంగు వేయడం కంటే పోయిన ఉద్యోగాలను తిరిగి తేవడం కష్టమని వేరే చెప్పనక్కరలేదు.

2005 తర్వాత క్లిషీకి మొదట వచ్చిన పెద్ద ప్రభుత్వ కట్టడాల్లో ఒకటి పోలీసు స్టేషను. అది 2010లో ప్రారంభమైంది. షెన్ ప్వాంత్యూ ప్రాంతంలో ప్రభుత్వమే ఇళ్ళు కొని, కొన్నిటిని బాగుచేసి, కొన్నిటిని కూల్చే ప్రత్యేక పథకం 2015లో ఆమోదం పొందింది. ట్రామ్ 2019 డిసెంబరులో వచ్చింది. అపార్ట్‌మెంట్లు కట్టి అప్పటికి యాభై ఏళ్ళు దాటాయి. ఆ వేళకు క్లిషీ, మోంఫెర్మేల సరిహద్దులో మెట్రో స్టేషను కోసం తవ్వకాలు జరుగుతున్నాయి.