అక్క పోయిన వేసవి

1847 మే 14. బెర్లిన్‌లో ఫ్యానీ హెన్సెల్ తన ఇంట్లో ఆదివారం కచేరీకి సాధన చేయిస్తోంది. ఆ రోజు ఎత్తుకున్నది తమ్ముడు ఫెలిక్స్ మెండెల్సన్ కూర్చిన కృతి. పియానో మీద ఆడుతున్న వేళ్లు ఉన్నట్టుండి మొద్దుబారాయి. పక్షవాతం. ఆ రాత్రికే ఆమె ప్రాణం పోయింది. వయసు 41. ఫ్రాంక్‌ఫర్ట్‌లో కబురు విన్న ఫెలిక్స్ కెవ్వుమని అరిచి కుప్పకూలిపోయాడు. అక్క అంత్యక్రియలకు కూడా వెళ్లలేకపోయాడు.

అప్పటికి యూరప్ అతన్ని నెత్తిన పెట్టుకుంది. ఇరవై ఏళ్లకే, 1829లో, మరుగున పడిన బాఖ్ ‘సెయింట్ మాథ్యూ ప్యాషన్’ను మళ్లీ వినిపించినవాడు. 1843లో లైప్‌జిగ్‌లో సంగీత కళాశాల పెట్టినవాడు. 1847 ఏప్రిల్‌లోనే ఇంగ్లండ్ వెళ్లి, తన ‘ఎలైజా’ కచేరీలు వరుసగా నడిపించి, ఒళ్లు హూనం చేసుకుని తిరిగొచ్చాడు.

అక్క అతనికంటే మూడేళ్లు పెద్ద. ఇద్దరూ ఒకే గురువు దగ్గర నేర్చుకున్నారు. ఆమె పాటలు కొన్ని తమ్ముడి పేరు మీదే అచ్చయ్యాయి. 1842లో విక్టోరియా రాణి ఇష్టపడి అతని ముందు పాడిన పాట నిజానికి ఫ్యానీదని అతనే ఒప్పుకోవాల్సి వచ్చింది. అయినా ఆమె సొంత పేరుతో అచ్చు వేయించుకోవడం అతనికి నచ్చలేదు. 1846లో ఆమె ధైర్యం చేసింది. ఆ సంతోషం ఏడాది కూడా దక్కలేదు. ఇది దాటేసి అతని శోకం గురించి చెప్పడం నాకు న్యాయమనిపించదు.

మనసు కుదుటపడుతుందని వేసవిలో కుటుంబంతో స్విట్జర్లాండ్ చేరాడు. సంగీతం చేతికి రాలేదు. నీటిరంగులు మాత్రం పలికాయి. చిన్నప్పుడే మాస్టారి దగ్గర బొమ్మలు నేర్చుకున్న చెయ్యి అది. ల్యూసర్న్, థూన్, ఇంటర్‌లాకెన్, షాఫ్‌హౌజెన్ దగ్గరి రైన్ జలపాతం. ల్యూసర్న్ బొమ్మలో ఇళ్లు, సరస్సు, వెనక కొండలు ఎంతో ఓపికగా, సన్నటి గీతతో, పలుచని పూతతో ఉంటాయి. అందులో ఏడుపు ఎక్కడా కనబడదు.

ఏడుపంతా ఆ తర్వాత ఇంటర్‌లాకెన్‌లో రాసిన ఎఫ్ మైనర్ స్ట్రింగ్ క్వార్టెట్‌లో ఉంది. రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో. మొదలవడమే తీగలు గజగజ వణుకుతూ మొదలవుతుంది. జీవితమంతా స్వరానికి మెరుగు దిద్దిన మనిషి ఇక్కడ ఆ నునుపును వదిలేశాడు. అతని రచనల్లో ఇంత నిజమైనది నాకు మరొకటి కనబడదు.

సెప్టెంబర్‌లో బెర్లిన్ వెళ్లి అక్క గది చూశాడు. కాస్త కూడదీసుకున్న గుండె మళ్లీ చెదిరింది. అక్టోబర్ 9న లైప్‌జిగ్‌లో గాయని లీవియా ఫ్రేగె ఇంట్లో తన కొత్త పాటలు పాడించుకుంటున్నాడు. చీకటి పడుతోందని ఆమె దీపాలు తేవడానికి లేచింది. తిరిగొచ్చేసరికి అతను చలితో వణికిపోతున్నాడు, తల పగిలిపోతోందన్నాడు. ఆ తర్వాత పక్షవాతం దెబ్బ మీద దెబ్బ కొట్టింది. నవంబర్ 4 రాత్రి పోయాడు. 38 ఏళ్లు. అక్క పోయి ఆరు నెలలు కూడా నిండలేదు. శవపేటికను రైలులో బెర్లిన్‌కు తీసుకెళ్లి ఆమె పక్కనే పాతిపెట్టారు.

ఆ క్వార్టెట్‌ను నలుగురి ముందు మొదటిసారి వాయించింది అతని సంవత్సరీకం నాడే, 1848 నవంబర్ 4న, లైప్‌జిగ్‌లో. వాయించినవారిలో అతను చేరదీసి తీర్చిదిద్దిన పదిహేడేళ్ల యోసెఫ్ యోఆఖిమ్ ఉన్నాడు.