తేలికపాటి ట్రెకింగ్ సామగ్రి (ఉత్తర తెలంగాణ)

కొండలెక్కేవారు మోత తగ్గించుకోవడానికి ఎంచుకునే సంచి, గుడారం, పడక, బట్టలు, వంటగిన్నెలు ఈ కోవలోకి వస్తాయి. తిండి, నీళ్లు, ఇంధనం కాక మిగతా మూట నాలుగున్నర కిలోలు దాటకపోతే దాన్ని అల్ట్రాలైట్ అంటారు. టైటానియం గిన్నె కొనేముందు సంచి, గుడారం, స్లీపింగ్ బ్యాగు తూచి చూసుకోవడం మేలు. అసలు బరువు అక్కడే ఉంటుంది.

ఆదిలాబాద్ లెక్క వేరు. వేసవిలో ఎండ 44 డిగ్రీలు దాటుతుంది, చలికాలంలో కొన్ని రాత్రులు ఉష్ణోగ్రత 5 డిగ్రీలకు దిగుతుంది. నేరడిగొండ దగ్గరి కుంటాల జలపాతానికైనా, పాత కరీంనగర్ జిల్లాలోని రామగిరి ఖిల్లాకైనా నీళ్లే పెద్ద మోత: లీటరుకు కిలో. అందులో కోత పెట్టే వీల్లేదు. గోండు గూడేల్లో నీళ్లకు వాడిన ఎండు సొరకాయ బుర్ర కూడా తేలికపాటి సామగ్రే.

పత్తికి పేరుమోసిన ఆదిలాబాద్ జిల్లాలోనే వానాకాలపు నడకకు నూలుబట్ట వద్దనాల్సి రావడం వింతే. తడిస్తే బరువెక్కుతుంది, తొందరగా ఆరదు, ఒంటివేడిని లాగేస్తుంది. పాలిస్టరో ఉన్నో నయం. మండుటెండలో మాత్రం పలచటి నూలు చొక్కాకు వంక పెట్టలేం.

ఎత్తు పెరిగేకొద్దీ తేలికకు హద్దు పడుతుంది. నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ భువనగిరి గుట్టపై శిక్షణ పొంది, 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. ఆ మంచులో మెత్తటి ఈకలు కూరిన డౌన్ సూట్, బూట్లకు బిగించే ముళ్ల క్రాంపాన్లు బరువని వదిలేసేవి కావు.