గుండ్లకమ్మ ఒడ్డున మూడు ప్రశ్నలు

మన సంఘాలలో చరిత్ర అంటే తరచుగా సాక్ష్యమే. జూబిలీ కూడికలలో చెబుతాము, విని దేవుని స్తుతిస్తాము. అది మంచిదే. అయితే సాక్ష్యం చెప్పేవానికి కృతజ్ఞత చాలు. చరిత్ర వ్రాసేవానికి విచారణ కూడా కావాలి. లూకా తన సువార్తను విచారణతోనే ఆరంభించాడని సేవకులమైన మనం మరువరాదు.

ఒక ఉదాహరణ చూద్దాం. 1878 జూలై 3న, ఒంగోలు సమీపాన వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ గారు తన చేతులతోనే వారందరికీ బాప్తిస్మమిచ్చారని నేను చాలా ఏళ్ళు ప్రసంగాలలో చెప్పాను. ఒక ఆదివారం ఆరాధన ముగిశాక ఒక వృద్ధుడు నా యొద్దకు వచ్చి, "అయ్యగారూ, నీళ్ళలో దిగింది దొరగారు కాదండీ, మన బోధకులే" అన్నాడు. మొదట నొచ్చుకున్నాను. ఇంటికి వెళ్ళి పుస్తకాలు తీసి చూస్తే ఆయన మాటే నిజం. అభిషేకం పొందిన ఆరుగురు బోధకులు, ఒకసారికి ఇద్దరు చొప్పున, వంతులవారీగా ఆ పని ముగించారు. ఆ దినం నుండి ఏ వృత్తాంతాన్నయినా మూడు ప్రశ్నలు అడగడం నేర్చుకున్నాను.

మొదటిది: ఎవరు, ఎప్పుడు, ఎవరి కోసం వ్రాశారు? క్లౌ గారు 1910లో మరణించారు. ఆయన జీవిత వృత్తాంతాన్ని ఆయన చెప్పగా భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ వ్రాశారు. అది 1914లో అచ్చయింది. ఆనాడే వ్రాసిన ఉత్తరానికీ, దశాబ్దాల తరువాతి జ్ఞాపకానికీ భేదం ఉంది. జ్ఞాపకం అబద్ధమని కాదు, దానిని మరొక ఆధారంతో సరిచూడాలి.

రెండవది: ఏది ముందు, ఏది వెనుక? 1876-78 కరువులో జనులు కూటి కోసమే క్రైస్తవులయ్యారనే నింద ఉంది. క్లౌ గారు బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ పని గుత్తకు తీసుకొని ఆకలిగొన్నవారికి కూలి కల్పించిన మాట నిజం. కాని ఆ కరువు కాలంలో సుమారు 15 నెలలు ఆయన బాప్తిస్మాలు నిలిపివేశారు. తేదీలు వరుసగా పేర్చితే నింద బలహీనపడుతుంది. అలాగని ఆకలికి ఏ సంబంధమూ లేదనడం కూడా సరికాదు. ఆ కాలువ గట్టున పని చేయించిన బోధకుల నోటనే అనేకులు సువార్త విన్నారు. మనకు అనుకూలమైన సగం మాత్రమే చెప్పడం చరిత్ర కాదు.

మూడవది: ఎవరి స్వరం వినబడడం లేదు? తోళ్ళ వ్యాపారం చేసిన మాదిగ పెద్ద యర్రగుంట్ల పేరయ్య 1866లోనే బాప్తిస్మం పొంది, ఊరూరా తన బంధువర్గానికి సువార్త చెప్పాడు. 1878 నాటి పంటకు విత్తనం పన్నెండేళ్ళ ముందే పడింది. అయినా మన ప్రసంగాలలో ఆ పేరు ఎన్నిసార్లు వినబడుతుంది?

ఇది కేవలం పాండిత్యానికి సంబంధించిన సంగతి కాదు. ఒక్క దొరగారి కార్యంగా చెప్పినప్పుడు, మన తాతముత్తాతలు పుచ్చుకున్నవారుగానే మిగులుతారు. వారు విని, ఆలోచించి, నిర్ణయించుకొని, ఇతరులకు ప్రకటించినవారు. ఆ గౌరవం వారికి తిరిగి ఇవ్వడం మన బాధ్యత.

కాబట్టి వేదాంత విద్యార్థులారా, మీ సంఘపు బాప్తిస్మ రిజిస్టరు తెరవండి. సమాధి రాళ్ళ మీది పేర్లు వ్రాసుకోండి. వృద్ధుల యొద్ద కూర్చొని, చెప్పినవారి పేరూ తేదీతో సహా వారి మాటలు నమోదు చేయండి. తప్పు తెలిసినప్పుడు అదే ప్రసంగ వేదిక మీద దిద్దుకోండి. నేను ఆ మరుసటి ఆదివారమే దిద్దుకున్నాను. ఆ వృద్ధుడు ముందు వరుసలో కూర్చున్నాడు.