అవ్వాతాతల పెంపకం

తల్లిదండ్రులు మరణించినప్పుడు గానీ, విడిపోయినప్పుడు గానీ, బ్రతుకుతెరువుకై దూరదేశాలకు వెళ్లినప్పుడు గానీ మనుమలను, మనుమరాళ్లను అవ్వాతాతలే సాకే ఏర్పాటు ఇది. తెలుగునాట దీనికి ఒక ముఖ్య కారణం వలస. పాలమూరు కూలీలు మేస్త్రీల వెంట పనులకు తరలిపోగా పిల్లలు ముసలివారి వద్ద మిగలడం పాత సంగతే గాని, కడప, గోదావరి జిల్లాల స్త్రీలు ఇంటిపనికై కువైట్ వెళ్లడంతో తల్లి చోటే ఖాళీ అయిన ఇళ్లు ఏర్పడ్డాయి.

బ్రతికి ఉన్నా దగ్గర లేని మనిషి కోసం పడే, ముగింపు తెలియని వేదనను అమెరికా పరిశోధకురాలు పాలిన్ బాస్ ప్రత్యేక భావనగా వివరించారు. దీనిని సందిగ్ధ వియోగం అనవచ్చు. ఫోనులో మాత్రమే కనిపించే తల్లి సెలవుపై వచ్చినప్పుడు బిడ్డ ఆమె చెంతకు పోక అవ్వ కొంగు పట్టుకోవడం, అందుకు తల్లి నొచ్చుకోవడం, తన తప్పేమీ లేకున్నా అవ్వ అపరాధభావంతో కుంగడం దీని ఫలితాలే. కన్నబిడ్డను పోగొట్టుకొని ఆ బిడ్డ సంతానాన్ని పెంచేవారి బాధ మరింత లోతైనది: పిల్లల ఎదుట ఏడవలేక, తమ తదనంతరం వారికి దిక్కెవరన్న దిగులును పైకి చెప్పుకోలేక బ్రతికే ఈ వృద్ధులను ఆదరణ కావలసినవారిగా గుర్తించకపోవడం అన్యాయం.

ఇక చట్టపరమైన హక్కుల విషయానికి వస్తే, 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం పేర్కొన్న సహజ సంరక్షకులలో అవ్వాతాతలు లేరు. చట్టబద్ధ సంరక్షకత్వం కోరేవారు 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద కోర్టును ఆశ్రయించాలి. కేంద్ర ప్రభుత్వ మిషన్ వాత్సల్య పథకం కింద అర్హులైన పిల్లలకు నెలకు 4,000 రూపాయల సాయం లభిస్తుంది.